కొరుక్కునే తింటాను

పద్నాలుగు నెలలుగా నేను ఏదీ కొరకలేదు. కొరకనివ్వలేదు అంటే సరిగ్గా ఉంటుంది. నా నోట్లో ఇరవై ఏడు పళ్ళున్నాయి. అన్నీ నావే, ఒక్కటీ కట్టించుకున్నది కాదు. అలాంటి నోటికి పొద్దున జావ, మధ్యాహ్నం మెత్తటి ముద్ద, సాయంత్రం ఇంకో రంగు ముద్ద. తినేది ఏమిటో రంగును బట్టి ఊహించుకోవాలి. ఇదీ నా బతుకు.

ఇరవై ఆరేళ్ళు బస్సు కండక్టరుగా చేసినదాన్ని. నిలబడటానికి చోటు లేని బస్సులో ఈ చివర్నుంచి ఆ చివరికి నా గొంతు వినపడేది. టికెట్ తీయకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునే పెద్దమనుషుల్ని ఎంతమందిని దారిలో దింపేశానో లెక్కలేదు. ఒక్కడికి భయపడితే ఒట్టు. అలాంటి నన్ను, ఫ్రిజ్ తలుపుకి అతికించిన ఒక కాగితం పద్నాలుగు నెలలు నోరు మూయించి కూర్చోబెట్టింది. తలుచుకుంటే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఆ కాగితం సంగతి చెప్పాలంటే ముందు మావాడి సంగతి చెప్పాలి. నాకు ఒక్కడే కొడుకు. రెండు వీధుల అవతల జిరాక్స్, లామినేషన్ దుకాణం నడుపుతాడు. చేతికి దొరికిన కాగితాన్నల్లా ప్లాస్టిక్‌లో పెట్టి బిగించేస్తాడు. కరెంటు బిల్లు, కుక్కర్ గ్యారంటీ కార్డు, ఆఖరికి పెళ్ళికి ముందు కోడలు వాడికి రాసిన ఒకే ఒక్క ఉత్తరం కూడా. మడతపెట్టి దాచుకోవలసినదాన్ని అట్టముక్క చేశాడని కోడలు వారం రోజులు వాడితో మాట్లాడలేదు. వీధిలో వాణ్ణి పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు, లామినేషన్ అనే పిలుస్తారు. సిగ్గులేకుండా వాడూ పలుకుతాడు.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయానట. పక్షవాతం. నాకేమీ గుర్తులేదు. కళ్ళు తెరిచేసరికి ఆసుపత్రిలో ఉన్నాను. ఎడమ చెయ్యీ ఎడమ కాలూ ఎవరివో తెచ్చి నాకు తగిలించినట్టున్నాయి, మూతి ఒక పక్కకి లాగేసింది. పదకొండో రోజున ఇంటికి పంపిస్తూ ఒక కాగితం ఇచ్చారు. గొంతు బలహీనంగా ఉంది, మింగడం కష్టం, అన్నీ మెత్తగా చేసి పెట్టాలి, గట్టివీ పచ్చివీ కరకరలాడేవీ పెట్టకూడదు అని. మావాడు ఊరుకుంటాడా. మర్నాటికల్లా అది తళతళలాడుతూ ఫ్రిజ్ తలుపెక్కింది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మొదట్లో అది అవసరమే. గుక్కెడు మంచినీళ్ళు తాగినా పొలమారేది. కానీ నెల తిరిగేసరికి మాట వచ్చింది, మూడో నెలకి చేతికర్ర మూల పెట్టేశాను, మూతి సర్దుకుంది. ఎడమ చేతి వేళ్ళు మాత్రం ఇంకా గట్టిగా బిగుసుకోవు. అమ్మగారి గొంతు మళ్ళీ మా ఇంట్లోకి వినపడుతోందని పక్కింటి వడ్రంగి అన్నాడు, సంతోషించి అన్నాడో ఏడవలేక అన్నాడో తెలీదు. పోయినవన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి, తిండి తప్ప.

కోడలు మంచిది. మందుల దుకాణంలో పనిచేస్తుంది. చీటీలో అర మాత్ర అని ఉంటే అర మాత్రే, ప్రాణం పోతున్నా ముప్పావు ఇవ్వదు. ఫ్రిజ్ మీద మెత్తగా అని ఉంది కాబట్టి మిక్సీ తిప్పింది. పద్నాలుగు నెలలు, పూటకొకసారి, విసుక్కోకుండా తిప్పింది. ఆ మిక్సీ మోత వింటే చాలు, నాకు కడుపు నిండిపోయేది.

అంతకంటే బాధ ఇంకొకటుంది. నా ముందు వాళ్ళిద్దరూ కూడా కరకరలాడేది తినడం మానేశారు. అప్పడం లేదు, జంతిక లేదు, దోసకాయ ముక్క లేదు. పెద్దదాని ముందు ఎలా తింటాం అని జాలి. ఒకరోజు మావాడు స్నానాల గదిలో తలుపేసుకుని బిస్కట్లు నములుతుంటే బయట నిలబడి విన్నాను. వాడికి నలభై మూడేళ్ళు. కన్నకొడుకు దొంగలా గదిలో దూరి బిస్కట్టు తినాల్సిన పరిస్థితి నా వల్ల వచ్చిందే అని ఏడుపొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది కూడా.

నాకో తోట ఉంది. తోట అంటే పెద్దగా ఊహించుకోకండి. వంటింటి గోడకీ ప్రహరీకీ మధ్య నాలుగడుగుల వెడల్పున పొడుగ్గా ఉన్న మట్టి. ఉద్యోగం దిగిపోయిన దగ్గర్నుంచీ అదే నా రూటు. ఈ చివర్నుంచి ఆ చివరికి రోజుకి నాలుగు ట్రిప్పులు. జబ్బు పడ్డాక కూడా ఒంటిచేత్తో తవ్వాను, ఒంటిచేత్తో నీళ్ళు పోశాను. ఈసారి చలికాలం ముల్లంగి, క్యారెట్, కీరా, నూల్‌కోల్ అన్నీ విరగకాశాయి. నేను పెంచడం, కోడలు ఉడకబెట్టి మిక్సీలో వెయ్యడం.

గొడవ నూల్‌కోల్ దగ్గర మొదలైంది. ఆ ఏటి మొదటి కాయ, లేత ఆకుపచ్చది, గుప్పెట్లో పట్టేంత. గోటితో గిచ్చితే పటుక్కుమని నీళ్ళు చిమ్మింది. దాన్ని చెంగుకి తుడిచి కోడలి చేతికిచ్చాను. గంట తర్వాత గిన్నెలో గోడకి పూసే సున్నంలాంటిది ఒకటి నా ముందుకొచ్చింది. చెంచా కింద పెట్టేశాను. ఇంకా ఎన్నాళ్ళు అని అడిగాను. కోడలు ఫ్రిజ్ వైపు చూసింది. దాంట్లో ఎన్నాళ్ళని రాసి ఉంది అన్నాను. ఆమె దగ్గరికెళ్ళి పై నుంచి కింద దాకా చదివి, ఏమీ రాసి లేదత్తయ్యా అంది. మందు చీటీలో ఎన్ని రోజులో రాసి లేకపోతే నువ్వు మందిస్తావా అని అడిగాను.

మావాణ్ణి అడిగితే నీళ్ళు నమిలాడు. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిందే అది, ఇంకేముంటుంది అన్నాడు. వాడికి ఇంకో అలవాటుందని వాడు మరిచిపోయినా నేను మరవలేదు. ఏ కాగితాన్నయినా బిగించే ముందు ఒక జిరాక్స్ తీసి ఫైల్లో పెడతాడు. మర్నాడు మధ్యాహ్నం వాడు భోంచేసి కునుకు తీస్తున్నప్పుడు మేకుకున్న తాళంచెవి తీసుకుని దుకాణానికి నడిచాను. అల్మారాలో అమ్మ అని రాసిన ఫైలు ఉంది. అందులో ఆ కాగితం జిరాక్సు ఉంది. ఫ్రిజ్ మీద లేని లైను ఒకటి దాని అడుగున ఉంది. ఆరు వారాల తర్వాత తప్పనిసరిగా మింగుడు పరీక్షకి తీసుకురావాలి.

ఆరు వారాలు. నేను ఆ స్టూలు మీద కూలబడిపోయాను. ఎలా జరిగి ఉంటుందో నాకు అర్థమైంది అనుకున్నాను. మావాడు కాగితం ప్లాస్టిక్ కవరులో పట్టకపోతే కవరు మార్చడు, కాగితాన్ని కత్తిరిస్తాడు. ఇదివరకొకసారి ఎవరిదో సర్టిఫికెట్ అడుగున ఉన్న సంతకం కత్తిరించి తన్నులు తినబోయాడు. అలాగే ఇదీ. వాడి కత్తెర అంగుళం ఎక్కువ నడిచింది, నా ఏడాది పోయింది. అరవాలనిపించింది కానీ అరవలేదు. అరిస్తే వాడు సర్లేమ్మా చూద్దాం అంటాడు. నాకు చూద్దాం వద్దు.

మరుసటి రోజు పొద్దున్నే సంచీలో ఒక క్యారెట్ వేసుకుని బస్సెక్కాను. జబ్బు చేశాక ఒంటరిగా బస్సెక్కడం అదే మొదలు. కండక్టరు కుర్రాడు ముసలమ్మనని చెయ్యి అందించబోతే, నువ్వు పుట్టకముందు నుంచి నేను ఈ కడ్డీలు పట్టుకుంటున్నాను, తప్పుకో అన్నాను. తర్వాత పాపం అనిపించింది. దిగేటప్పుడు టికెట్లు బాగా కొడుతున్నావని మెచ్చుకున్నాను.

ఆసుపత్రిలో మింగడం నేర్పే అమ్మాయి ఒకర్తె ఉంది. సన్నగా, పెద్ద కళ్ళజోడుతో ఉంది. నా ఫైలు చూసి, ఆరు వారాలకి రావలసినవాళ్ళు పద్నాలుగు నెలలు ఎక్కడికెళ్ళారు అంది. మా ఇంట్లో కత్తెర అడ్డొచ్చిందమ్మా అన్నాను. ఆమెకి అర్థం కాలేదు. నీళ్ళు తాగించింది, అరటిపండు పెట్టింది, బిస్కట్టు పెట్టింది, ప్రతిసారీ గొంతు మీద వేళ్ళు పెట్టి చూసింది. నేను సంచీలోంచి క్యారెట్ తీశాను. ఆమె నవ్వింది. పల్చగా ఒక చెక్క కోసిచ్చి, నమలండి అంది. నమిలాను. మింగాను. పొలమారలేదు. ఆ గదిలోనే, ఆ పరాయి పిల్ల ముందు భోరున ఏడ్చేశాను.

ఆమె జాగ్రత్తలు చెప్పింది. నిటారుగా కూర్చోవాలి. గడ్డం కాస్త కిందికి దించి మింగాలి. ఒక్కొక్క చెక్కే, పల్చగా. గింజలూ పలుకులూ ఇంకొన్నాళ్ళు వద్దు. అన్నిటికంటే ముఖ్యం, నోట్లో ముక్క ఉండగా మాట్లాడకూడదు. అది మాత్రం కష్టమమ్మా అన్నాను. కష్టమైనా తప్పదంది. అన్నీ ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చింది.

సాయంత్రం ఆ కాగితం తీసుకెళ్ళి మావాడి ముందు పెట్టి, నీ ఫైల్లో జిరాక్సు చూశాను, కవరులో పట్టక అడుగు లైను కత్తిరించేశావు కదా అన్నాను. వాడు దాన్ని చేత్తో ముట్టుకోలేదు. కాగితం కనబడితే చాలు తడిమి తడిమి చూసే మనిషి, ముట్టుకోలేదు. ఆ పిల్లకి ఏం తెలుసు అన్నాడు. పెద్ద డాక్టర్ని అడుగుదాం అన్నాడు. వచ్చే నెల చూద్దాం అన్నాడు. నేను ఒక్కర్తినీ బస్సులో వెళ్ళినందుకు ఒంటికాలి మీద లేచాడు. కోడలు మాత్రం కాగితం తీసుకుని సంతకం దాకా చదివింది. చదివి, భర్త మొహం చూసి, లోపలికి వెళ్ళింది.

"నేనుండగా ఈ ఇంట్లో ఆ పని జరగదు" అన్నాడు మావాడు.

"నువ్వుండగానే జరుగుతుంది. ఆదివారం, మధ్యాహ్నం, ఈ బల్ల మీదే" అన్నాను.

దొంగచాటుగా తినాలంటే తోటలో కూర్చుని ఎన్ని ముల్లంగులైనా తినగలను. ఎవరు చూస్తారు. కానీ ఆ పని నేను చెయ్యను. నేనేమైనా దొంగతనం చేస్తున్నానా. నా ఇంట్లో, నా బల్ల దగ్గర, నన్ను వద్దన్నవాడి కళ్ళెదురుగా కూర్చుని తినాలి. అలా తినలేకపోతే ఇక చచ్చేదాకా ముద్దే. ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఈసారి తగ్గితే నా నోరు మళ్ళీ నా చేతికి రాదు.

అయితే కొయ్యడం ఎలా. ఎడమ చేత్తో కాయని పట్టుకోలేను, జారిపోతుంది. పక్కింటి వడ్రంగిని పిలిచి ఒక చెక్కపలక తెమ్మన్నాను. దానికి అడుగు నుంచి రెండు తుప్పు పట్టని మేకులు కొట్టించాను, మొనలు పైకి లేచేలా. కాయని ఆ మొనలకి గుచ్చితే కదలదు, ఒంటిచేత్తో తరుక్కోవచ్చు. వడ్రంగి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎవరిని పొడవడానికమ్మగారూ అని అడిగాడు. మా ఇంటికి ఆదివారం రా, తెలుస్తుంది అన్నాను. రాలేదు. మా ఇంటి గొడవలు గోడ అవతలి నుంచి వినడమే వాడికి ఇష్టం.

ఆదివారం పొద్దున మంచు తడి ఆరకముందే తోటలోకి వెళ్ళాను. కీరాలు రెండు తెంపాను, ఎర్ర ముల్లంగులు అయిదు, క్యారెట్లు నాలుగు పీకాను. నూల్‌కోల్ ఒకటి కోశాను. ఉల్లికాడలు కాసిని, కొత్తిమీర ఒక గుప్పెడు. గట్టు మీద కూర్చుని మట్టి కడిగాను. ముల్లంగి మీద నీళ్ళు పడితే ఆ రంగు తేలి వచ్చింది చూడండి, పద్నాలుగు నెలల్లో ఆ రంగుని నేను గిన్నెలో ఒక్కసారి చూడలేదు.

సలాడ్ చెయ్యడానికి పెద్ద వంటగత్తె కానక్కర్లేదు. కోసి కలపడమే కదా అంటారు. కానీ దానికీ ఒక పద్ధతుంది. కోసిన క్యారెట్టూ ముల్లంగీ నూల్‌కోలూ చన్నీళ్ళలో అరగంట ఉంచాలి, అప్పుడే బిగువెక్కుతాయి. కీరా నీళ్ళలో వెయ్యకూడదు, మెత్తబడుతుంది. దాని నడుమ గింజలు చెంచాతో గీరెయ్యాలి. ఉప్పు ముందే వేశామా, అంతా నీరోడిపోయి చచ్చుబడుతుంది. తినబోయే ముందు వెయ్యాలి. నిమ్మరసం, మిరియాల పొడి, ఉప్పు, అంతే. వేరుశనగ పలుకులు వేయించి పైన చల్లితే బావుంటుంది, కానీ ఆ అమ్మాయి వద్దంది. నేను మొండిఘటాన్నే కానీ తెలివితక్కువదాన్ని కాదు. వాళ్ళ కోసం విడిగా చిన్న గిన్నెలో పెట్టాను.

నేను నూల్‌కోల్‌ని మేకులకి గుచ్చి తరుగుతుంటే కోడలు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. సాయం చెయ్యనా అనలేదు. వద్దు అంటానని తెలుసు. కాసేపు చూసి, వంటింట్లోకి వచ్చి, మిక్సీ ప్లగ్గు పీకి, దాన్ని ఎత్తి పై అరలో పెట్టేసింది. నాకు కళ్ళు చెమర్చాయి. ఉల్లికాడల వల్ల అనుకుంటుందిలే అని తుడుచుకోలేదు.

మధ్యాహ్నం బల్ల మీద పెద్ద గాజుగిన్నె పెట్టాను. మావాడు వచ్చాడు, చూశాడు, వెనక్కి తిరిగాడు. కూర్చో అన్నాను. ఆకలి లేదన్నాడు. నిన్ను తినమనలేదు, కూర్చోమన్నాను అన్నాను. బస్సులో వాడే గొంతు అది. కూర్చున్నాడు.

వీపు నిటారుగా పెట్టాను. ఒక ముల్లంగి చెక్క తీసుకుని, నోట్లో పెట్టుకుని, కొరికాను.

ఆ చప్పుడుకి మావాడు ఉలిక్కిపడి లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. కుడి చెయ్యి నా మొహం వైపు వచ్చేసింది, రెండు వేళ్ళు ముందుకి చాచి. ఏం చేస్తున్నాడో వాడికే తెలీనట్టుంది. సగంలో ఆగిపోయాడు.

"ఆ లైను కవరులో పట్టక కాదమ్మా" అన్నాడు. "పట్టింది. నేనే కత్తిరించాను."

నా నోట్లో ముక్క ఉంది. మాట్లాడకూడదు. నములుతున్నాను.

"ఆ రోజు నువ్వు క్యారెట్ తింటున్నావు. నీకు గుర్తులేదు. నవ్వుతూ తింటూ తింటూ ఆగిపోయావు. మొహం నల్లబడిపోయింది. ఈ రెండు వేళ్ళూ నీ గొంతులో పెట్టి తీశానమ్మా. నువ్వు వేళ్ళు కొరికేశావు, ఎముక దాకా. నాకు తెలీనే లేదు. మళ్ళీ ఆ పరీక్షకి తీసుకెళ్తే తినమంటారు. నువ్వు తింటావు. నేను రోజూ ఆ చప్పుడు వినాలి."

వాడి వేళ్ళ మీద తెల్లటి మచ్చలు రెండు కనబడ్డాయి. కోడలు చేత్తో నోరు మూసుకుంది. దుకాణంలో కత్తెర తెగిందని వాడు చెబితే నమ్మింది, ఈ సంగతి ఆమెకీ తెలీదు. ఆ క్షణంలో నాకు వచ్చినంత కోపం జన్మలో రాలేదు. వచ్చినంత ప్రేమా రాలేదు. రెండూ కలిసి గొంతు దాకా వచ్చాయి, నోట్లో ముల్లంగి ఉంది. జీవితంలో మొదటిసారి ఎదుటివాడు చెప్పేది మొత్తం నోరెత్తకుండా విన్నాను. నమిలాను. ఇంకా నమిలాను. వాడు నా గొంతు వంకే చూస్తున్నాడు, ఊపిరి బిగబట్టి. గడ్డం కిందికి దించి మింగాను.

అప్పుడు నోరు బార్లా తెరిచి చూపించాను. నాలుక ఎత్తి కింద కూడా చూపించాను. ఏమీ లేదు. ఖాళీ.

"భయపడ్డావు" అన్నాను. "భయపడితే భయమేసిందమ్మా అని చెప్పాలి. నీ భయాన్ని ముద్ద చేసి నాకు పద్నాలుగు నెలలు తినిపిస్తావురా? బతికించావు, కాదనను. బతికించినంత మాత్రాన ఈ నోరు నీదైపోదు."

వాడు నేల మీద కూలబడి నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడు. నేను ఓదార్చలేదు. కుడి చెయ్యి వాడి తల మీద వేశాను, అంతే. తప్పు తప్పే. చాలాసేపటికి లేచి, పడిపోయిన కుర్చీ ఎత్తి, నాకు ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. మొహం తుడుచుకున్నాడు. నా గొంతు వంక చూసి, గిన్నె వంక చూశాడు.

"ఇంకో ముక్క తినమ్మా. చూస్తాను" అన్నాడు.

"నువ్వు తినమంటే తినడం, వద్దంటే మానడం అయిపోయిందిరా" అన్నాను. "నాకు తినాలనిపిస్తే తింటాను."

తినాలనిపించింది. క్యారెట్ చెక్క తీసుకున్నాను.